వాడకొక్క ఫోను

వీడియోల యాప్ నడిపే అయ్యలారా, మీరు దొంగల్ని నట్టింట్లో కూర్చోబెట్టుకుని మనుషుల్ని బయటికి నెట్టారు. దోర్నపాల్‌లో ఉప్పలమ్మకు మీరు చేసింది అదే.

ఆ సంత రోజు మధ్యాహ్నం ఆమె భర్త రాంప్రసాద్ దుకాణం వెనక గదిలో ఫోన్లు తుడుస్తోంది. గోడ నిండా అరలు, అరల నిండా ఫోన్లు. తుడవడం, చార్జింగు పెట్టడం ఆమె వంతు. జీతం లేదు సరే, దాన్ని పని అన్నవాళ్లూ లేరు. "ఇంట్ల ఖాళీగనే ఉంటవ్ గదా" అంటాడు రాంప్రసాద్. మీ యాప్‌లోని వీడియోలకు ఆ ఫోన్లు వాటంతటవే ఓట్లేస్తాయి. డబ్బిచ్చినవాడి వీడియో పైకెక్కుతుంది, యాప్ బహుమతి వాడికే పోతుంది.

ఉప్పలమ్మకూ అందులో ఖాతా ఉంది. చింతపండు గింజ తీయడం, ఇప్పపువ్వు ఎండబెట్టడం చూపిస్తుంది. ఆమెకు ఓట్లేసేది చింతలనార్ వైపు అడవి పల్లెల ఆడవాళ్లు. వాళ్ల ఊళ్లలో సిగ్నల్ అందదు, వాడకొక్కటే ఫోను. సంతలో సరుకు అమ్ముకున్నాక దుకాణం అరుగు మీద చేరి, ఆ ఒక్క ఫోనే చేతులు మార్చుకుంటూ ఎవరి ఖాతాలో వాళ్లు ఓటు నొక్కుతారు. ఖాతాలు విడివిడిగా తెరిపించింది ఉప్పలమ్మే. మంగల్ పెండ్లాం, కేసా తల్లి అని కాకుండా, కనీసం అక్కడైనా జోగే అని, దేవే అని ఉండాలని.

తుడుస్తుండగానే ఆమె ఫోనుకు మీ సందేశం వచ్చింది. ఒకే ఫోను నుంచి ఇన్ని ఖాతాలా? ఓట్లు నకిలీవి, రద్దు చేశాం. అభ్యంతరముంటే సాయంత్రంలోగా వీడియో పంపండి, లేదంటే ఖాతా మూసేస్తాం.

రాంప్రసాద్ చదివి పకపకా నవ్వాడు. "నా ఫోన్లు మనుషులంట, నీ మనుషులు మిషన్లంట! ఒక్క మాట అను, వీటన్నిటితో నీకే ఓట్లు కొట్టిస్త."

"వద్దు."

"అయితే ఖాతా పోతది. పోనీ. రొట్టెలన్నా టైముకు ఐతయ్."

పోనీ. పెళ్లైనప్పటి నుంచీ ఆ మాటే. చదువు పోనీ, కుట్టుమిషను పోనీ, పుట్టింటికి పోవడం పోనీ. ఆమె జ్వరంతో పడుంటే ఇన్వర్టరులో నీళ్లు పోశావా అని అడిగిన మనిషి, ఫోను వేడెక్కితే మాత్రం పరుగున ఫ్యాను తిప్పుతాడు. ఇంకా పోవడానికి ఏం మిగిలింది? ఆ ఆడవాళ్ల పేర్లు. అవీ పోనీ అనాలా?

కెమెరా తెరిచి అరల మీదికి తిప్పింది.

"ఏంది, ఏం తీస్తున్నవ్?"

"నీ మనుషుల్ని."

"బంద్ చెయ్! గిరాకీ పోతది. అమ్మా, సూడు నీ కోడల్ని!"

"మొగని పొట్ట కొడతవానే?" లోపలి నుంచి అత్త.

ఉప్పలమ్మ కెమెరా ఆపకుండానే అరుగు మీదికి వచ్చింది. సంత నుంచి వచ్చిన జోగే అప్పుడే ఖాళీ గంప దించుతోంది.

"ఏంది అక్కా, ఇయ్యాల ఓటు లేదా?"

"ఉన్నది. ముందు నీ పేరు చెప్పు, గట్టిగ."

"జోగే. నొక్కింది నేనే. సెయ్యి సూడుండ్రి!" చింతపండు జిగురంటిన చేతిని కెమెరా ముందు ఊపింది. వెనకే దేవే, ఇర్మె, పార్వతి. రాంప్రసాద్ ఫోను లాక్కోబోతే నలుగురూ అడ్డం నిలబడ్డారు.

ఉప్పలమ్మ కెమెరాను తన ముఖానికి తిప్పుకుంది.

"సూసిండ్రు గదా? ఆ గదిల ఫోన్లెనక మనిషి లేడు. ఈడ మనుషులున్నరు, మనిషికో ఫోను లేదు. మా ఓట్లు మాకు తిరిగి ఎయ్యండి. ఆ ఫోన్ల ఓట్లు ఇయ్యాలే పీకెయ్యండి. అవి నా మొగనివని మొహమాటపడకుండ్రి."