సంతకం కోసం ఇచ్చిన కుర్చీ

"ఏ కుర్చీలో కూర్చున్నా సంగటి గెలికేది నువ్వే కదా," అంది మా అత్త మద్దమ్మ. నన్ను యూనివర్సిటీకి ఇన్‌ఛార్జి వైస్ ఛాన్సలర్‌గా వేసినట్టు ఫోనొచ్చిన పొద్దున అది. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. ఆమె వెటకారంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఆలూరు పక్క పల్లె నుంచి వచ్చి కర్నూల్లో ముప్పై ఏళ్లు సివిల్ ఇంజినీరింగ్ పాఠాలు చెప్పాను. కాంక్రీటు నా సబ్జెక్టు. నా మొగుడు ఈరేష్‌దీ సివిలే. ఉద్యోగం వదిలి కన్సల్టెన్సీ పెట్టుకున్నాడు. నా మొదటి పరిశోధనా పత్రం మీద ఆయన పేరే ముందుంది. ఆడదాని పేరు ముందుంటే ఎవరు చదువుతారని అడిగాడు, నేనూ నిజమే అనుకున్నాను. సైటుకు పోతే నా ప్రశ్నకు మేస్త్రీలు ఆయన మొహం చూసి జవాబు చెప్పేవాళ్లు. ఆడపిల్లల కొత్త హాస్టలుకు భూమిపూజ చేసిన రోజు శాఖాధిపతిని నేనైనా టెంకాయ కొట్టింది ఆయన. నాకు హారతి పళ్లెం ఇచ్చారు. ఇచ్చే ముందు పూజారి, నేను బయట చేరలేదు కదా అని అడిగాడు. యాభై రెండేళ్లు నాకు. అందరూ విన్నారు.

ఆ హాస్టలు పూర్తయ్యాక స్లాబులోంచి ముక్కలు కోసి మా ల్యాబులో పరీక్షించాను. మోయాల్సిన బరువులో సగానికే పగిలిపోయాయి. ఆ పనికి కన్సల్టెంటుగా అంతా బాగుందని సర్టిఫికెట్టు ఇచ్చింది ఈరేష్. తప్పు మీ మిషన్‌ది అన్నాడు. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. ఇప్పుడు ప్రారంభోత్సవం ఫైలు వీసీ టేబుల్ మీదికి, అంటే నా ముందుకే వచ్చింది.

సంతకం పెట్టనని ఇంట్లో చెప్పాను. ఈరేష్ తలెత్తకుండా అన్నం కలుపుకుంటూనే ఉన్నాడు.

"నిన్ను ఆ కుర్చీలో ఎందుకు కూర్చోబెట్టినారనుకుంటాండావు? ఆడపిల్లల హాస్టలుకు ఆడమనిషి సంతకం పెడితే ఎవరూ అడగరని. పెద్దోళ్లకు నేనే చెప్పినా."

కోపం రాలేదు, సిగ్గేసింది. ఆర్డరు అందుకోవడానికి పోయిన రోజు అద్దం ముందు రెండు చీరలు మార్చినందుకు సిగ్గు. మా నాన్న ఫొటోకు దండం పెట్టుకున్నందుకు సిగ్గు. నిజంగా నా లెక్కే తప్పేమోనని కూడా అనుకున్నాను. ముందు నన్నే నేను అనుమానించుకోవడం ఈ ఇంట్లో నాకు బాగా అలవాటైన పని.

మర్నాడు పొద్దున బియ్యం కడుగుతున్నాను. హాల్లో ఆయన చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆమె కూతురు శివజ్యోతికి మా యూనివర్సిటీలోనే సీటొచ్చింది.

"కొత్త హాస్టలు వద్దులేమ్మా. పాప మా ఇంట్లోనే ఉండనీ. మీ వదిన వండి పెడ్తాది."

నా లెక్క తప్పు కాదని ఆయనకూ తెలుసు. మొదటినుంచీ తెలుసు. మిగతా మూడొందల మంది పిల్లలకు అట్లా చెప్పే మామ లేడు, అంతే.

చేతులు తుడుచుకుని ఆఫీసుకు పోయాను. ఈ భవనం మనుషులు ఉండటానికి పనికిరాదు, తాళం వేయండి అని రాశాను. సర్టిఫికెట్టు ఇచ్చిన ఇంజినీరు పేరు ఇంటిపేరుతో సహా రాశాను. ఒక కాపీ ప్రభుత్వానికి, ఒకటి పత్రికలకు పంపాను. నాలుగో రోజు నన్ను పదవిలోంచి తీసేశారు. ఇంటి గొడవలు ఆఫీసుకు తెచ్చానని కారణం చెప్పారు. కానీ అప్పటికే పేపర్లో పడిన భవనాన్ని తెరిచే ధైర్యం ఎవరికీ లేకపోయింది. బయటినుంచి ఇంజినీర్లు వచ్చి పరీక్షించి, కూలగొట్టమన్నారు.

"మొగుని పేరు రాసేదానికి మనసెట్లా వచ్చింది?" అని అడిగాడు ఈరేష్. అత్త నా కంచం వేరుగా పెట్టింది. అదే రోజు రెండు జతల బట్టలు సర్దుకుని పాత హాస్టలుకు పోయి, వార్డెన్‌ని ఒక మంచం అడిగాను.

నేను పక్క పరుచుకుంటుంటే పక్క మంచం మీది పిల్ల తన పెట్టె అవతలికి జరిపింది. ఆదోని పిల్ల, పేరు ఏసుమణి.

"మీ వల్లే మేడమ్," అంది మొహం ముడుచుకుని. "కొత్త హాస్టలు తెరవక, మీ వల్లే ఈ రూములో ఎనిమిది మందిమి ఉండాము."

"ఔనమ్మా," అన్నాను. "ఎనిమిది మందీ ఉండారు."