కుట్టేసిన పేజీలు

నేను ఒక దర్జీ కొలతల పుస్తకాన్ని. రెండు వందల పేజీలు, ఎర్ర అట్ట. బైండింగు చేసినవాడు నన్ను ఏ పెద్ద ఆఫీసుకో పంపుతున్నాననుకున్నాడేమో, అట్ట మీద బంగారు గీత కూడా గీశాడు. నేను చేరింది మాత్రం సీమలో ఒక చిన్న టౌను బజారులో, మౌలాలి కుట్టుమిషను పక్కకి.

పదకొండేళ్లు ఆయన నా మీద పెన్సిలుతో ఆ ఊరిని రాశాడు. మీసం మెలేసే మొనగాళ్లు సైతం నడుముకు టేపు చుట్టగానే పొట్ట లోపలికి పీల్చి ఊపిరి బిగబట్టేవాళ్లు. "ఊపిరి ఇడువు నాయనా, చొక్కా తొడుక్కునేది నువ్వే గదా" అనేవాడు. ఎవరికి పొట్ట వచ్చిందో, ఎవరు చిక్కిపోయారో ఆయనకూ నాకూ తెలుసు. బయటికి ఒక్క మాట పొక్కేది కాదు. ఆడవాళ్ల కొలతలు ఆయన భార్య తీసి చెబితే నా వెనక పేజీల్లో రాసుకునేవాడు. ఆ పేజీలు ఇంకెవరి ముందూ తెరిచేవాడు కాదు.

నలభై మూడో పేజీ మద్దిలేటిది. బడి యూనిఫారం నాటి నుంచీ వాడి చొక్కాలన్నీ మౌలాలి కుట్టినవే. చిన్నప్పుడు చెట్టు మీంచి పడి వాడి ఎడమ భుజం అరంగుళం దిగిపోయింది. పిల్లవాడు నవ్వులపాలు కాకూడదని ఆ భుజం లోపల మడతపెట్టిన గుడ్డ వేసి కుట్టేవాడు మౌలాలి. చెయ్యెత్తితే మాత్రం ఆ మడత చెవి వైపు కాస్త ఉబికేది. కుట్టినవాడికి తప్ప ఇంకెవరికీ అది కనబడేది కాదు.

ఒక మధ్యాహ్నం ఊరేగింపు బజారులోకి వచ్చింది. అరుపులు విని మౌలాలి నన్ను చంకలో పెట్టుకుని వెనక తలుపున పక్కింట్లోకి పరుగెత్తాడు. మిషను వదిలేసి నన్నెందుకు తీసుకున్నాడో ఆయననే అడగాలి. కిటికీలోంచి చూశాం. నలుగురు, ముఖాలకు గుడ్డలు. వాళ్లలో ఒకడు పెట్రోలు డబ్బా పైకెత్తాడు. ఎడమ భుజం మీద మడత ఉబికింది.

ఆ పూట ఏడు కొట్లు కాలాయి. ఏడూ ముస్లింలవే. మధ్యనున్న మిగతా కొట్లకు సెగ కూడా తగల్లేదు. నిప్పుకు బోర్డులు చదవడం ఎవరు నేర్పారని ఎస్సై ఎవరినీ అడగలేదు. మౌలాలిని మాత్రం అడిగాడు.

"మొగాలు సూసినావా? లేదు గదా. గుర్తుతెలియని వ్యక్తులని రాస్తాం. సంతకం పెట్టి పో."

"నేను కుట్టిన చొక్కా నాకు తెలీదా సార్?"

ఎస్సై నవ్వాడు. సిగ్గుమాలిన నవ్వు అది. దాని మీద ఈనాటికీ నా కోపం చల్లారలేదు.

కోర్టు బార్ అసోసియేషన్‌లో కొందరు పెద్ద వకీళ్లు "మీవాళ్ల కేసులు మీరే చూసుకోండి" అని చేతులు దులుపుకున్నారు. మైనారిటీ న్యాయవాదుల సంఘం వాళ్లు పదకొండు మంది. మసీదు ఆవరణలో బల్లలు వేసుకుని కాలిన ప్రతి కొట్టుకూ ఫిర్యాదు రాశారు. పోలీసులు రాయని పేర్లు నేరుగా కోర్టు ముందు పెడతామన్నారు. మౌలాలి చొక్కా మాట విని ఎస్సైలా నవ్వనిది వాళ్లలో జులేఖా అనే వకీలు.

"ఆ పుస్తకం ఇవ్వండి చాచా. అదే మన సాక్ష్యం."

మౌలాలి నన్ను వెనక్కి లాక్కున్నాడు. "ఇయ్యను బేటీ. దీంట్లో ఊరి ఆడోళ్ల కొలతలుండాయి. పదిమంది చేతుల్లో పడితే?"

కొట్టు బూడిదైనవాడి బెంగ అది. జులేఖా చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత, "ఆ పేజీలు మీరే మూసేయండి. ఎందుకు మూశారో ఫిర్యాదులో నేను రాస్తా" అంది. మిషను లేదు కనుక మౌలాలి చేతిసూదితో నా వెనక పేజీలన్నీ కలిపి కుట్టేశాడు.

రెండేళ్లకు విచారణ వచ్చింది. మద్దిలేటి తరఫు వకీలు నన్ను గాల్లో ఊపాడు. "ఏదో దాచారు, యువరానర్. ఈ కుట్లు విప్పించండి."

అటెండరు కత్తెర తెచ్చాడు. జడ్జిగారు మౌలాలినే విప్పమన్నారు.

మౌలాలి కత్తెర ముట్టలేదు. "ఈ పేజీల్లో మద్దిలేటి వాళ్లమ్మ కొలతలు గూడా ఉండాయి సార్. నమ్మి ఇచ్చినాది. ఇంతమందిలో నేను తెరవను. కేసు పోతే పోనీండి."

మద్దిలేటి తన వకీలు వైపు వంగి, "వద్దు సార్, కుట్లు ఇప్పొద్దనండి" అన్నాడు. వకీలు తన కోరిక వెనక్కి తీసుకుంటున్నానని జడ్జిగారికి చెప్పి, చిరాగ్గా నన్ను బల్ల మీద పడేశాడు.

అప్పుడు జులేఖా లేచి, నలభై మూడో పేజీలో ఎడమ భుజానికి రాసిన కొలత నిజమో కాదో కోర్టు ముందే కొలవనివ్వమని అడిగింది. జడ్జిగారు సరేనన్నారు. మౌలాలి మెడలోని టేపు తీశాడు. ఎవరూ చెప్పకుండానే మద్దిలేటి వెనక్కి తిరిగి, చేతులు కాస్త ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టాడు. పదకొండేళ్ల అలవాటు.

"ఊపిరి ఇడువు నాయనా" అన్నాడు మౌలాలి.

ఎడమ భుజం అరంగుళం కిందికి ఉంది. జడ్జిగారు రాసుకున్నారు.

తల్లి పేజీ తెరవొద్దన్నవాడికి, ఆ పేజీని కాపాడిన మనిషి కొట్టుకు నిప్పంటించేటప్పుడు ఏ సిగ్గూ అడ్డురాలేదు. ఆ మాట తలచుకుంటే నా కాగితాలు మండిపోతాయి.

ఇప్పుడు నేను కోర్టు రికార్డు గదిలో కింది అరలో ఉన్నాను. జడ్జిగారు మారారు. తీర్పు రాలేదు. జులేఖా ప్రతి వాయిదాకూ వచ్చి, నన్ను తెప్పించుకుని ముందుగా ఆ కుట్లు చూసుకుంటుంది. ఒక్క పోగూ తెగలేదు. ఊరి ఆడవాళ్ల మానం మౌలాలి దారంతో భద్రంగా ఉంది. ఆయన కొట్టుకు మాత్రం ఇంకా తలుపు లేదు.