కమాను కింద మంచం

పాత చర్చి కాలిపోయాక కొత్తది కట్టడానికి బిషప్పుగారు మా బావ హామన్‌ను పిలిపించారు. బావ రాళ్ల మేస్త్రీ, నేను వడ్రంగిని. కమాను కట్టాలంటే ముందు నేను చెక్కలతో ఊతం నిలబెట్టాలి. దాని మీద ఆయన రాళ్లు పేరుస్తాడు. సున్నం గట్టిపడ్డాక నా ఊతాన్ని ఊడబీకి పొయ్యిలో పెడతారు. పేరు రాయికి, బూడిద చెక్కకి! ఈ మాటంటే బావ పడీ పడీ నవ్వేవాడు.

శీతాకాలం మొదట్లో పరంజా విరిగి బావ పడిపోయాడు. నడుం కింద చచ్చుబడింది. ఆ ఏడు మంచు కూడా తొందరపడింది. ఆయన అప్పుడే ముగించిన తూర్పు కమానులో సున్నం ఆరకముందే చలికి గడ్డకట్టి పట్టు తప్పిందేమోనని నా భయం.

ఊతం తీసేటప్పుడు పెద్దమేస్త్రీ కమాను కింద నిలబడాలని మా పనివాళ్ల ఆచారం. ఆయన నిలబడని కమాను కింద ఎవడూ నడవడు. బావ రాలేకపోతే దాన్ని పడగొట్టి వేరే మేస్త్రీతో కట్టిస్తామన్నారు ఫాదర్లు. ఆ మాట బావ చెవిన పడింది.

"మంచంతో సహా మోసుకుపొండి నన్ను," అన్నాడు.

"మతి పోయిందా బావా? సున్నం మీద నాకు నమ్మకం లేదు."

"నీకు నీ పెళ్లినాడూ నమ్మకం లేదుగా! నోరు మూసుకుని సుత్తి పట్టరా."

మంచం కమాను కింద దించారు. నేను పైకెక్కాను గానీ సుత్తి ఎత్తలేదు. అంతలో మా అక్క అవీస్ గుంపును తోసుకుంటూ వచ్చింది. ఆపుతుందనుకున్నాను. ఆపితే బాగుండుననుకున్నాను. ఆమె వెళ్లి మంచం పట్టె మీద కూర్చుంది.

"ఇదేం పనే? లే అవతలికి," అన్నాడు బావ.

"లేవలేనివాడివి, నువ్వా నాకు చెప్పేది?" అని అక్క తల పైకెత్తింది. "ఇహ కొట్టరా తమ్ముడూ. మెల్లగా."

ఏడుస్తూనే కొట్టాను. బిగింపు చెక్కలు ఒక్కొక్కటే జారాయి. ఊతం దిగింది. కమాను మూలిగింది. ఇద్దరి తలల మీదా సున్నప్పొడి రాలింది. రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని నిలిచిపోయాయి.

"కమాను కూర్చుందిరా," అన్నాడు బావ. అక్క ఆయన మొహం మీది పొడి కొంగుతో తుడిచింది.

ఈస్టర్ దాకా ఆయన బతకలేదు. ఊతం చెక్కలను వంటవాళ్లు పట్టుకుపోతుంటే అక్క అడ్డుపడింది.

"వాటికి ఆయన పని మోసిన అలవాటుందిరా. శవపెట్టె వాటితోనే చెయ్యి," అంది.

చేశాను. ఆ పెట్టెను తూర్పు కమాను కిందుగానే మోసుకెళ్లాం. వెనక ఊరంతా నడిచింది. భయపడి తల ఎత్తి పైకి చూసినవాడు ఒక్కడూ లేడు.