అందరికీ వెళ్లిన మెయిల్

కళాశాల రసాయనశాలలో గాజు గొట్టాలు కడిగి, తుడిచి, వరసగా బోర్లించే పని ఆమెది. పంతొమ్మిదేళ్లుగా అదే పని. విద్యార్థులూ లెక్చరర్లూ ఆమెను ల్యాబక్క అనే పిలిచేవారు. ఏ సీసాలో ఏ ఆమ్లం ఉందో చీటీ చూడకుండా చెప్పగలదు. అలాంటి మనిషి ఆ సోమవారం ఉదయం ఆఫీసు గదిలో ఒక కాగితం పట్టుకుని, అది తనకే ఇచ్చారా అని రెండుసార్లు పేరు చూసుకుంది.

“ఈ-మెయిల్ వినియోగ నిబంధనల్లో నాలుగు, తొమ్మిది క్లాజులను ఉల్లంఘించినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో మూడు రోజుల్లో తెలియజేయవలెను” అని ఉంది అందులో.

“నేనేం చేశానండీ?” అని సూపరింటెండెంటును అడిగింది.

“కాలేజీలో అందరికీ మెయిల్ కొట్టావు కదమ్మా.”

“ఫ్యాను తిరగట్లేదని రాశానండి. అది నిజమే కదా.”

“రాసింది తప్పు కాదు. రాసిన చోటు తప్పు.”

“మరి ఎక్కడ రాయాలి?”

“నిబంధనల్లో ఉంది.”

“అవెక్కడుంటాయండీ?”

“మెయిల్లో పంపాంగా,” అన్నాడాయన, ఇంతమాత్రం తెలియదా అన్నట్టు.

జరిగింది ఇదీ. ల్యాబులో ఆమ్లాల ఆవిర్లను బయటికి లాగే ఫ్యాను ఆగిపోయి నెల దాటింది. ఎప్పటిలాగే ఆమె ఆఫీసుకు వెళ్లి చెప్పింది. ఈ ఏడాది నుంచి నోటిమాట చెల్లదు, ఏ ఫిర్యాదైనా మెయిల్లోనే రావాలి అన్నారు. ఆమెకు ఒక మెయిల్ ఖాతా ఇచ్చారు గానీ దాన్ని ఎలా వాడాలో చెప్పినవాళ్లు లేరు. లైబ్రరీ కంప్యూటరు ముందు కూర్చుని, ఎవరికి పంపాలో చూపే జాబితా తెరిచింది. అందులో ఆమెకు అర్థమైన మాట ఒక్కటే: ‘అందరూ’. అందరికీ చెబితే సంబంధించినవాళ్లు వాళ్లే చూసుకుంటారు కదా అనుకుంది. “ల్యాబులో ఫ్యాను తిరగడం లేదు. ఆవిరి నిలిచిపోతోంది. నిన్న నాకు కళ్లు తిరిగాయి. దయచేసి బాగు చేయించండి” అని రాసి పంపింది.

మెయిల్ రెండు వేల మందికి వెళ్లింది. జవాబులు వానలా కురిశాయి. “జాగ్రత్త అక్కా” అని కొందరు, “ఇది నాకెందుకు పంపారు?” అని కొందరు. “దయచేసి అందరికీ జవాబులివ్వకండి” అని ఒక పెద్దమనిషి అందరికీ జవాబిచ్చాడు. ఇంతమందిలో ఫ్యాను సంగతి పట్టించుకున్నవాడు ఒక్కడూ లేడు.

ఇంటి దగ్గర ఆమె భర్త కుట్టుమిషను పక్కకు జరిపి, కళ్లజోడు పెట్టుకుని, ఆమె అచ్చు వేయించి తెచ్చిన పన్నెండు పేజీల నిబంధనలు చదివాడు.

“‘అనధికార సామూహిక సందేశం’ అంటే ఏంటయ్యా?” అని అడిగింది.

“సమ్మె లాంటిదేమో.”

“నేనెప్పుడు సమ్మె చేశాను?”

“నువ్వు చేయలేదే, నాకు తెలుసు. వీళ్లేమనుకున్నారో,” అన్నాడు.

మర్నాడు చివరి ఏడాది చదివే అమ్మాయి ల్యాబుకు వచ్చింది. “అక్కా, మొన్న పరీక్ష గది మారిందని మెయిల్ వచ్చిందట. మీ మెయిల్‌కి వచ్చిన జవాబుల గుట్టలో నాకు కనపడలేదు. అరగంట ఆలస్యంగా వెళ్లి రాశాను” అంది. కోపంగా అనలేదు. అందుకే ల్యాబక్కకు మరీ బాధేసింది. తాను తప్పు చేయలేదని అంతవరకూ గట్టిగా నమ్మింది. ఇప్పుడు ఆ నమ్మకమూ పోయింది. నిజం చెప్పడం ఒకరికి కీడెలా అయింది? చెప్పకపోతే ఎవరికి మేలు? ఎటు తిరిగినా గోడే తగిలినట్టుంది. ఆ సాయంత్రం ఒక ఆమ్లం సీసా అడుగున బీటవారి ఉండటం చూసింది. ఎవరికీ చెప్పలేదు. సీసాను అలమరలో వెనక్కి నెట్టి తలుపు వేసింది. పంతొమ్మిదేళ్లలో ఆమె అలా చేయడం అదే మొదటిసారి.

గురువారం ముగ్గురు సభ్యుల విచారణ సంఘం కూర్చుంది. సంఘానికి పెద్ద న్యాయశాస్త్రం చెప్పే మేడమ్, రేపోమాపో పదవీ విరమణ చేయబోయే మనిషి.

“నిబంధనలు చదివారా?” అని ఒక సభ్యుడు అడిగాడు.

“చదివించుకున్నానండి. అర్థం కాలేదు.”

“అర్థం కాకపోతే అడగాలి.”

“అడిగానండి. ఏం అడగాలన్నా మెయిల్లోనే అడగమన్నారు. మెయిల్ పెట్టినందుకే కదండీ ఈ కాగితం.”

మేడమ్ పక్కవారి వైపు తిరిగింది. “ఫ్యాను పాడైతే ఈమె ఎవరికి రాయాలి?”

ఒకాయన ఆరో క్లాజు అన్నాడు. రెండో ఆయన కాదు, పదకొండు అన్నాడు. సూపరింటెండెంటు పేజీలు తిరగేసి, ఆ చిరునామా ఇంకా తెరవలేదని నెమ్మదిగా చెప్పాడు.

“ఫ్యాను బాగైందా?” అంది మేడమ్.

“లేదండి.” ల్యాబక్క ఆగి, బెదురుగా అడిగింది. “ఇంకోటి ఉందండి. చెప్పొచ్చా?”

ఆ ప్రశ్నకు మేడమ్ ముఖం మారిపోయింది. “చెప్పమ్మా.”

సీసా సంగతి చెప్పింది. అందరూ లేచి ల్యాబుకు వెళ్లారు. అలమర తలుపు తీయగానే ఘాటుకు అందరి కళ్లలో నీళ్లు తిరిగాయి. కింది అరలోకి కారిన ఆమ్లం చెక్కను తినేసింది. మరో గంటలో అక్కడ నలభై మంది విద్యార్థులకు ప్రయోగాల తరగతి ఉంది.

తరగతి ఆపేశారు. సాయంత్రానికల్లా ఫ్యాను తిరిగింది. నోటీసు వెనక్కి తీసుకున్నారు. అయినా ల్యాబక్క మనసు కుదుటపడలేదు. మేడమ్ వెనకే వరండాలోకి వచ్చి నిలబడింది.

“నాది తప్పా, కాదా అండీ? ఆ పిల్ల పరీక్ష నావల్లే కదా పాడైంది.”

“అందరికీ పంపడం తప్పేనమ్మా. అందరూ ఒకేసారి అరిస్తే అవసరమైన కేక వినపడదు. ఆ నియమం అందుకే. ఈ ముక్క నీకెవరైనా చెప్పారా?”

“చెప్పలేదండి. చెబితే నేనెందుకు పంపుతాను?”

“అదేనమ్మా మా తప్పు,” అంది మేడమ్. “కారణం చెప్పకుండా నియమం పెడితే మనిషికి భయమే వస్తుంది, బాధ్యత రాదు. భయపడ్డ మనిషి ముందుగా మానేసేది తప్పు చేయడం కాదు, నిజం చెప్పడం.”