తోమిన తాళం

"ఇంకా తోమాలి. మంత్రిగారు దాంట్లో మొహం చూసుకోవాలి" అన్నాడు సూపర్‌వైజరు.

అత్తతో పాటు ఇక్కడ ఊడ్చే పనికొచ్చే కోడలు ఇంకో నిమ్మచెక్క తీసుకుంది. పొద్దుట్నుంచీ ఆ ఇత్తడి తాళం తోమి తోమి అరచేతులు మండిపోతున్నాయి. ఒకప్పుడు వేలమందికి పని చూపిన బట్టల మిల్లు ఇది. మూతబడిన ఎన్నో ఏళ్ళకి నగరపాలక సంస్థ దీన్ని నగర చరిత్ర మ్యూజియంగా మార్చింది. ఇవాళ ప్రారంభోత్సవం. ఆ రోజుల్లో నేత షెడ్డుకి బయటి నుంచి వేసిన తాళం ఇక అద్దాలపెట్టెలోకి వెళ్తుంది.

పక్కనే గైడు పిల్ల పాఠం వల్లె వేసుకుంటోంది. "పని మధ్యలో ఎవరూ బయటికి పోకుండా, క్రమశిక్షణ కోసం, మిల్లు స్థాపకులు స్వయంగా ఈ తాళం వేసేవారు..."

"మంటల సంగతి చెప్పవా అమ్మాయ్?" అత్త చీపురు ఆపి అడిగింది.

"ఏ మంటలు మామ్మగారూ?"

అత్త మెడ నుంచి మోచేతి దాకా చర్మం ముడుచుకుపోయి ఉంటుంది. చిన్నప్పుడు ఆ షెడ్డులోనే తెగిన దారాలు ముడేసేది. నిప్పంటుకున్న వేళ తాళంచెవి మిల్లు పెట్టిన యజమాని జేబులో ఉంది; యజమాని భోజనానికి వెళ్ళాడు. బక్కపిల్ల కాబట్టి అత్త కిటికీ చువ్వల మధ్య నుంచి బయటపడింది. వాళ్ళక్క కాస్త ఒళ్ళున్న మనిషి. పట్టలేదు. ఇప్పుడు ఊళ్ళో సగం వీధులకి ఆ యజమాని పేరే.

"ఊరుకో అత్తా, మళ్ళీ మొదలెట్టకు" అని కోడలు కసిరింది. కాపరానికొచ్చిన నాటి నుంచీ వింటున్న కథే. పైగా ఇద్దరూ పనిచేస్తేనే ఇంటద్దె గట్టెక్కుతుంది.

ఇంతలో సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. తాళం అందుకుని గైడు పిల్ల చేతిలో పెట్టాడు.

"కార్లు వచ్చేస్తున్నాయి! ఊడ్చేవాళ్ళంతా చీపుళ్ళతో సహా వెనక గదిలోకి పదండి. సభయ్యేదాకా ఒక్క తల కనబడకూడదు."

"మా మొహాలు చూస్తే మంత్రిగారికి టిఫిను అరగదా?" అంది ఊడ్చేవాళ్ళలో ఒక పొట్టావిడ, బకెట్టు ఎత్తుకుంటూ. ఆడవాళ్ళంతా పక్కున నవ్వారు.

సూపర్‌వైజరుకీ నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. "నా ప్రాణం తియ్యకు తల్లీ. పోయినసారి కమిషనరుగారు చూడ్డానికొచ్చినప్పుడు నువ్వే మంచినీళ్ళకని వచ్చి ఫోటోలో పడ్డావు. ఈసారి తాళం వేసెయ్యమని పైనుంచి చెప్పారు."

ఒక్కొక్కరే లోపలికి నడిచారు. అత్త కూడా వెళ్ళింది. కోడలు ఆమె వెనకే నడిచింది. గదికి ఒకటే తలుపు, ఒకటే కిటికీ. అత్త తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళి, చువ్వల మధ్య భుజం ఆనించి చూసుకుంది.

"ఇప్పుడు నేనూ పట్టనే" అంది, ఎవరితోనో అన్నట్టు.

ఎవరూ నవ్వలేదు. కోడలు వెనక్కి తిరిగి గడప మీద చతికిలబడింది.

"జరుగు, జరుగు. టైమవుతోంది" అన్నాడు సూపర్‌వైజరు.

"మేం బయటికి రాం, అన్నా. ఒట్టేసి చెప్తున్నా. తాళం మాత్రం వెయ్యకు."

"గంటసేపటికి ఇంత రాద్ధాంతమా? నీకూ మీ అత్తకీ రేపట్నుంచి పనొద్దా?"

అద్దెకొచ్చే ఇంటివాడి మొహం కోడలి కళ్ళముందు మెదిలింది. ద్వారబంధాన్ని గట్టిగా పట్టుకుంది.

"పని కావాలి. తలుపూ తెరిచుండాలి."

వెనక నుంచి అత్త వచ్చి ఆమె భుజం మీద చెయ్యేసింది. హాల్లో చప్పట్లు మోగాయి. మిల్లు స్థాపకులు కార్మికుల్ని కన్నబిడ్డల్లా చూసుకున్నారని మైకులో ఎవరో చెబుతున్నారు.

సూపర్‌వైజరు చేతిలో కొత్త తాళంతో ఓసారి హాలు వైపు, ఓసారి ఆమె వైపు చూశాడు. కోడలు గడపకి అడ్డంగా చాపిన కాళ్ళు తియ్యలేదు. అరచేతులు మండుతూనే ఉన్నాయి.