స్టాపర్ గురించి ఒక్క వాక్యం

పక్కకు జరిగే బడి గేటు, ఆపేదేమీ లేక ఇనుప పట్టా చివర దాటి మీద పడి కూతురు పోయాక మాస్టారు మాటలు తగ్గించేశారు. తరగతిలో పాఠం, ఇంట్లో అవసరం, అంతే. అలాంటి మనిషి, బడి గేట్లకు సాంకేతిక ప్రమాణం రాసే కమిటీలో తల్లిదండ్రుల తరఫున కూర్చుంటారా అని అడిగితే మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. ఆయనకు కావలసింది ఒక్క వాక్యం: పట్టా చివర, గేటు బరువును ఆపగల స్టాపర్ ఉండి తీరాలి.

ముసాయిదాలో స్టాపర్ దగ్గర, ‘ఫ్యాక్టరీ గేట్ల ప్రమాణం ప్రకారం’ అని రాసి ఉంది. అది తెప్పించుకుని చదివారు. అందులో, బిగింపు సామాను ప్రమాణం చూడమని ఉంది. దాన్నీ తెప్పించారు. ఈమధ్యే తిరగరాశారట. చేత్తో తోసే గేట్లకు ఇది వర్తించదని మొదటి పేజీలోనే ఉంది.

బడి గేటును తోసేది చేత్తోనే.

చివరి సమావేశంలో, గాజు గోడల గదిలో, మాస్టారు ఈ సంగతి చెప్పారు.

“మన స్టాండర్డులు పెళ్లింటి చుట్టరికాలండీ,” అని నవ్వింది కార్యదర్శి. “ఈయనెవరంటే ఆవిడ మేనత్త తోడికోడలి తమ్ముడంటారు. తీరా చూస్తే ఆ తమ్ముడు పెళ్లికే రాలేదు.” మాస్టారి ముఖం చూసి నవ్వు ఆపేసింది.

“ఆ వాక్యం మన దాంట్లోనే రాసేద్దాం,” అన్నారు మాస్టారు.

“ఒకచోట రాసింది ఇంకోచోట రాయం మాస్టారూ,” అన్నారు అధ్యక్షుడు. గేట్ల పనిలో తల నెరిసిన ఇంజినీరు ఆయన. “వాళ్లక్కడ మారిస్తే మన దగ్గర పాతది మిగిలిపోతుంది. అందుకే పేరు చెప్పి వదిలేస్తాం.”

“అక్కడ లేదు కదండీ.”

“ఉండేది. తీసేశారు.”

“మీకు తెలుసా?”

“తెలుసు.”

“పాత ప్రతినే చూడమని, దాని సంవత్సరం వేసి రాయలేమా?”

“రద్దయినదాన్ని చూడమంటే పైవాళ్లు ముసాయిదా తిప్పి పంపేస్తారు.”

“ఆ బిగింపు సామాను కమిటీకి ఉత్తరం రాశామండీ,” అంది కార్యదర్శి, ఈసారి మెల్లగా. “గేట్లు మావి కావు, మీవే అన్నారు.”

“మనవైతే మనమే రాద్దాం.”

“స్టాపర్ సామాను కదండీ. అది వాళ్లది.”

గోడకు చెప్పుకున్నా ఇంతేననిపించింది మాస్టారికి. గోడ కనీసం జాలిపడదు.

“మీరొక్కరు కాదన్నా ఆగిపోతుంది,” అన్నారు అధ్యక్షుడు. “మళ్లీ మొదటికొస్తాం. అది తేలేదాకా పట్టా మందానికీ, చక్రాలకీ కూడా అడిగే దిక్కుండదు. మీ ఇష్టం.”

అందరి చేతులూ లేచాయి. మాస్టారు తన చేతిని కాసేపు బల్ల మీదే చూసుకుని, ఎత్తారు.

ఇంటికొచ్చేసరికి భార్య గిన్నెలు తోముతోంది.

“రాశారా?”

“ఎక్కడ చూడాలో రాశారు.”

“అక్కడుందా?”

“లేదు.”

ఆమె కుళాయి కట్టేసింది. “మరెందుకు ఒప్పుకున్నారు?”

మాస్టారు వివరించారు. పట్టా మందం ఇంత ఉండాలన్నారని, చక్రాల గాడి ఇంత లోతుండాలన్నారని, అదీ లేకపోతే ఏదీ లేనట్టేనని. పాఠం చెప్పినట్టే, తడబడకుండా. ఆమె చివరిదాకా విన్నది.

“ఆ రోజు చక్రాలు బాగానే ఉన్నాయిగా,” అంది.

మాస్టారు అవునన్నట్టు తల ఊపారు.