పదకొండో ఏటి అనుభవం

గద్వాలలోని ఒక విత్తనాల కంపెనీకి ఫీల్డ్ అసిస్టెంట్ కావాలని కాలేజీ గ్రూపులో ప్రకటన వచ్చింది. విత్తనం కోసమే పండించే సీడు పత్తి చేలు తిరిగి, చేతితో పూలను సంకరం చేసే క్రాసింగ్ సరిగా జరుగుతోందో లేదో చూసే ఉద్యోగం. ధరూర్ వైపు ఆ పని తెలియని ఇల్లు లేదు. ఆ పనికి నెల జీతం తీసుకున్న ఇల్లు మాత్రం హెప్సిబా వాళ్ల వాడలో ఒక్కటీ లేదు. వనపర్తి హాస్టల్లో ఉండి బీఎస్సీ పూర్తిచేసిన హెప్సిబాకు ఆ ప్రకటన తనకోసమే వేసినట్టు అనిపించింది.

వారం రోజులు తయారైంది. తల్లి ఎస్తేరుకు చదువు రాదు. అయినా కూతురు ఆమెకు రెండు ప్రశ్నలు కంఠతా పట్టించింది. సాయంత్రం కూలినుంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే ఎస్తేరు మంచం మీద నిటారుగా కూర్చుని, "మీ గురించి జర చెప్పమ్మా" అని అడిగేది.

"జర అనొద్దమ్మా, ఆఫీసుల గట్ల అనరు."

"మరి నేనడిగితే గట్లనే ఉంటది. నువ్వు చెప్పు."

హాస్టల్లో తోడున్న మాలతి ఇప్పుడు వనపర్తిలో ఒక ఫైనాన్స్ ఆఫీసులో చేస్తోంది. ఆమె ఫోనులో ఒకటే మాట చెప్పింది. "ఒట్టి పుస్తకాల చదువు చెప్పకు. చేతులతోటి చేసిన పని చెప్పు. అనుభవం ఉన్నోళ్లనే తీస్కుంటరు."

ఇంటర్వ్యూ గదిలో ఇద్దరున్నారు. ఒకరు హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద సారు. రెండో మనిషిని చూడగానే హెప్సిబా గుర్తుపట్టింది. తిమ్మప్ప. రైతులకు విత్తనమిచ్చి, పండిన పంటను కంపెనీకి అప్పజెప్పే ఆర్గనైజరు. ఆయనకు సొంతంగా పదెకరాల సీడు పత్తి ఉంది.

పెద్ద సారు సర్టిఫికెట్లు తిరగేసి, "విత్తనం స్వచ్ఛత పరీక్షలో ఎందుకు పోతుంది?" అని అడిగాడు.

"మొగ్గ గిల్లేటప్పుడు ఒక్క పుప్పొడి తిత్తి మిగిలినా పోతుంది సార్."

"మిగిలిందని ఎట్లా తెలుస్తుంది?"

"కంటికన్నా ముందు గోటికి తెలుస్తుంది సార్." ఆమె బొటనవేలు చూపించింది. "మధ్యాహ్నం మూడు దాటాక, మర్నాడు విచ్చుకునే మొగ్గను గోటితో ఇట్లా చుట్టూ చీల్చి, మధ్యనున్న కీలం విరగకుండా మిగతాదంతా ఒలిచెయ్యాలి. పొద్దున మగ పువ్వు తెచ్చి కీలానికి రాయాలి. మన కన్నుగప్పిన మొగ్గ పొద్దున పువ్వై కనిపిస్తే, జాలిపడకుండా తెంపెయ్యాలి. అది ఉంటే కల్తీయే."

పెద్ద సారు పెన్ను కింద పెట్టాడు. "ఇంతవరకు వచ్చినవాళ్లలో ఎవరూ ఇంత వివరంగా చెప్పలేదు. ఏ పుస్తకంలో చదివావు?"

మాలతి మాట గుర్తొచ్చింది. "పుస్తకంలో కాదు సార్. పదకొండో ఏటి నుంచి మూడేళ్లు క్రాసింగ్‌కు పోయాను. సెప్టెంబరంతా బడికి పోయేదాన్ని కాదు. అయినా టెన్త్‌లో ఫస్ట్ వచ్చాను."

గర్వంగానే చెప్పింది. పెద్ద సారు ముఖం మాత్రం మారింది.

"ఎవరి చేను?"

తిమ్మప్ప బల్ల మీద పరిచిన అద్దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఆ చేను ఆయనదే. అప్పట్లో బాల కార్మికుల కోసం తనిఖీ జీపు వస్తోందని తెలిస్తే, ఎనిమిది మంది ఆడపిల్లల్ని పక్క జొన్నచేలో కూర్చోబెట్టి, దగ్గు కూడా రానీయొద్దని చెప్పేది ఆయనే.

"గుర్తులేదు సార్," అంది హెప్సిబా.

"చాలా బాగా చెప్పావమ్మా. కబురు చేస్తాం," అన్నాడు పెద్ద సారు.

వారానికి తిమ్మప్పే మోటారు సైకిలు మీద వచ్చాడు. ఎస్తేరు కుర్చీ వేసింది. ఆయన కూర్చోకుండానే మాట్లాడాడు.

"అందరికంటె నువ్వే బాగ చెప్పినవంట. సారు నాతోటి అన్నడు. కని ఆ చిన్నప్పటి మాటొకటి చెప్పకుంటె బాగుండు. బయటి దేశమోళ్లు చేన్ల పిల్లలున్నరా అని తనిఖీకి వస్తరు. చేన్ల నిన్ను నిలబెట్టి అడిగితే ఏం చెప్తవో అని కంపెనోళ్లకు భయం. నాగేశ్‌ను తీస్కున్నరు."

నాగేశ్ ఆమె కంటే ముందు లోపలికి పోయి, ఐదు నిమిషాల్లో చెమటలు కక్కుతూ బయటికి వచ్చిన పిల్లవాడు.

"నేను మీ పేరు చెప్పలే సారూ."

"తెల్సు. అందుకే వచ్చిన." తిమ్మప్ప గొంతు తగ్గించాడు. "ఆ పిలగానికి మొగ్గ తెల్వదు, పువ్వు తెల్వదు. పది దినాలు చేన్లకు వచ్చి చూపియ్యి. కూలి ఎక్కువనే ఇప్పిస్త."

"నేను రాను," అని హెప్సిబా లోపలికి వెళ్లిపోయింది. తలుపు వెనక నిలబడితే, తల్లి మాట స్పష్టంగా వినబడింది.

"నేను వస్త సారూ. నేను చూపిస్త."

ఆయన వెళ్లాక కూతురు అడిగింది, "ఎందుకొప్పుకున్నవమ్మా?"

"ఆయనను కాదంటే ఈ సీజన్ల మనల్ని ఎవరు పిలుస్తరు బిడ్డా?" ఎస్తేరు కుర్చీ మడిచి గోడకు ఆనించింది.

పది రోజులూ ఎస్తేరు వెళ్లింది. ఒక సాయంత్రం అన్నం తింటూ, "ఆ పిలగాడు చెడ్డోడేం కాదు. నేను చెప్పిందంత నోట్‌బుక్కుల రాస్కుంటుండు," అంది. హెప్సిబా సగం కంచంతో లేచిపోయింది. ఎస్తేరు ఇక ఆ మాట ఎత్తలేదు.

మరుసటి నెల కొత్తకోటలో, హైవే పక్కన విత్తనాలు, పురుగుమందులు అమ్మే దుకాణంలో కౌంటరు దగ్గర మనిషి కావాలంటే హెప్సిబా వెళ్లింది. యజమాని దరఖాస్తు చూసి, "పత్తి చేన్ల ఎన్నడన్న పనిచేసినవా?" అని అడిగాడు.

"లేదు సార్. కాలేజీలో చదివాను, అంతే."

"మంచిది. చేతులు మోటుగుంటే గిరాకీ ముందర బాగుండదు. సోమవారం నుంచి రా."

బయట లారీలు ఆగకుండా పోతున్నాయి. గద్వాల బస్సు కోసం ఆమె చాలాసేపు నిలబడింది. ఉద్యోగం దొరికిందని తల్లికి ఫోను చేస్తే, ఎస్తేరు ఆత్రంగా, "ఏమడిగిన్రు బిడ్డా, ఏం చెప్పినవ్?" అంది.

"పెద్దగేం అడగలేదమ్మా," అని హెప్సిబా ఫోను పెట్టేసింది.